ఆరేళ్ళ పాలసీ మానేసి అసోసియేషన్ గ్రూపులోకి వెళ్ళనా?

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షెడ్డు నడుపుతున్నాను. నాకు 46 ఏళ్ళు. నా దగ్గర ఏడుగురు పనిచేస్తారు. ఏడాదికి 7 లక్షల దాకా ఆదాయం చూపించి రిటర్ను వేస్తాను కాబట్టి రైస్ కార్డు లేదు, ప్రభుత్వ ఆరోగ్య కార్డూ లేదు. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు కలిపి 5 లక్షల ఫ్లోటర్ పాలసీ ఆరేళ్ళుగా ఆపకుండా కడుతున్నాను. ఇంతవరకూ ఒక్క రూపాయి క్లెయిము చేయలేదు. పోయినేడు 23,600 కట్టాను. జీఎస్టీ ఎత్తేశారన్నారు, తీరా చూస్తే ఈ ఏడు 23,400 అడుగుతున్నారు. మా అమ్మకి 72, షుగర్ ఉంది, ఏ కంపెనీకి వెళ్ళినా కుదరదంటున్నారు. ఇప్పుడు మా అసోసియేషన్ వాళ్ళు సభ్యులకీ, షెడ్లలో పనివాళ్ళకీ కలిపి గ్రూపు పాలసీ తీసుకుందాం, అందరూ చేరి తీరాలి అంటున్నారు. ఒంట్లో బాగున్నవాడి చేత బలవంతంగా కట్టించడం ఏం న్యాయమని మీటింగులో అడ్డం తిరిగాను. ప్రభుత్వమే దేశమంతా తప్పనిసరి చేస్తే పోతుందని కొందరన్నారు. దీని మీద మీ సొంత అభిప్రాయం ఏమిటి? నా పాలసీ మానేసి గ్రూపులోకి వెళ్ళనా?

– ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: అభిప్రాయం కాసేపు ఆగినా ఫర్వాలేదు, రెన్యువల్ తేదీ ఆగదు. అందుకని ముందు పాలసీ సంగతి. మానేయకండి.

ఆరేళ్ళు వరుసగా కట్టారంటే 60 నెలలు దాటింది. 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం, 60 నెలలు తెగకుండా నడిచిన పాలసీ మీద ‘అప్పట్లో ఫలానా జబ్బు దాచారు’ అని చెప్పి కంపెనీ క్లెయిము తోసిపుచ్చడానికి వీల్లేదు. మోసం చేశారని రుజువు చేయగలిగితేనే కుదురుతుంది. అంతకుముందు ఈ గడువు 8 ఏళ్ళు. అప్పటికే ఉన్న జబ్బులకు పెట్టే వెయిటింగ్ (క్లెయిము ఇవ్వని తొలి కాలం) కూడా గరిష్ఠంగా 4 ఏళ్ళ నుంచి 3 ఏళ్ళకు దిగింది. మీకు అది ఎప్పుడో తీరిపోయింది. హెర్నియా, కంటి శుక్లం, పిత్తాశయంలో రాళ్ళు, మోకాలి మార్పిడి లాంటివాటికి మామూలుగా ఉండే రెండేళ్ళ వెయిటింగూ అయిపోయింది. ఇన్నాళ్ళూ మీరు కట్టింది ఈ గడువులన్నీ దాటడానికి. దాటాక వదిలేస్తే, రేపు మళ్ళీ కొత్త పాలసీ తీసుకున్న రోజున 46 ఏళ్ళవాడిగా, మొదటి 30 రోజుల వెయిటింగు దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. ఈలోపు బీపీయో షుగరో బయటపడితే తీసుకోరు, తీసుకున్నా లోడింగ్ అని అదనపు ప్రీమియం వేస్తారు.

క్లెయిము చేయలేదు కాబట్టి డబ్బు పోయిందనుకోవడం ఇన్సూరెన్సును చీటీ లెక్కలో చూడటం. మీ నాలుగు పేర్ల మీద వచ్చిన డబ్బు ఆ ఏడు ఇంకెవరి గుండె ఆపరేషన్‌కో పోయింది. అదే దాని పని. క్లెయిము లేని ఏళ్ళకు బోనస్ ఇచ్చే పాలసీలు చాలా ఉన్నాయి. మీ షెడ్యూల్ కాగితంలో ‘క్యుములేటివ్ బోనస్’ అన్న గడి చూడండి. 5 లక్షలు అనుకుంటున్నది ఇప్పటికి ఇంకా పెరిగి ఉండవచ్చు.

ఇక ఆ 23,400. పోయినేడు మీరు కట్టినదాంట్లో అసలు ప్రీమియం 20,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 3,600. వ్యక్తులు, కుటుంబాలు తీసుకునే ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు. అంటే ఈ ఏడు అడుగుతున్న 23,400 మొత్తం అసలు ప్రీమియమే, 17 శాతం పెరిగింది. పన్ను పోయిన చోట ధర వచ్చి కూర్చుంది. ఇందుకు కారణాలు రెండు మూడు ఉంటాయి. ఫ్లోటర్‌లో సాధారణంగా అందరికన్నా పెద్దవారి వయసును బట్టి రేటు వేస్తారు. చాలా కంపెనీలకు 41–45 ఒక మెట్టు, 46–50 ఇంకో మెట్టు. మీరు ఈ ఏడు మెట్టు ఎక్కారు. పన్ను మినహాయింపు వచ్చాక, ఏజెంటు కమిషన్ మీద, అద్దెల మీద తాము కట్టే జీఎస్టీని కంపెనీలు తిరిగి రాబట్టుకోలేవు. అందులో కొంత కూడా ప్రీమియంలోకి ఎక్కవచ్చు. పైగా ఆస్పత్రి ఖర్చులు ఏటా పెరుగుతూనే ఉన్నాయి. 60 దాటినవారికి ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే ముందు ఐఆర్‌డీఏఐతో సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశం వచ్చింది. మీ వయసువాళ్ళకి అలాంటి అడ్డుకట్ట లేదు. నా దృష్టిలో ఇది పెద్ద లోటు. పెంపులో వయసు మెట్టు వాటా ఎంత, రేటు సవరణ వాటా ఎంత అని కంపెనీకి మెయిల్ పెట్టి అడగండి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

ఆ జవాబు నచ్చకపోతే పోర్ట్ అవ్వచ్చు, అంటే పాలసీని వేరే కంపెనీకి మార్చుకోవచ్చు. ఆరేళ్ళ లెక్క మీతోపాటే కొత్త కంపెనీకి వస్తుంది. కానీ రెన్యువల్ తేదీకి 45 నుంచి 60 రోజుల ముందు దరఖాస్తు పెట్టాలి. కొత్త కంపెనీ కాదనే హక్కూ ఉంది కాబట్టి, అటు నుంచి ఒప్పుకోలు వచ్చేదాకా ఇక్కడిది కట్టడం మానకూడదు. పెంచుకున్న మొత్తానికి వెయిటింగు కొత్తగా మొదలవుతుందని గుర్తుంచుకోండి. 5 లక్షల నుంచి 10 లక్షలకు వెళ్తే పాత 5 లక్షలకే ఆరేళ్ళ బలం ఉంటుంది. ఏడాది ప్రీమియం ఒకేసారి కట్టేవాళ్ళకి గడువు దాటాక 30 రోజుల గ్రేస్ ఉంటుంది. అది పాలసీ తెగకుండా కాపాడుతుందేగానీ, ఆ రోజుల్లో ఆస్పత్రిలో చేరితే బిల్లు కట్టదు.

పాలసీ చేతిలో ఉండి కూడా జేబు ఎక్కడ ఖాళీ అవుతుందో చెబుతాను, ఎందుకంటే మన దగ్గర గొడవలన్నీ అక్కడే. మొదటిది గది అద్దె. మీ పాలసీలో రోజుకి బీమా మొత్తంలో 1 శాతం అని ఉందనుకోండి, అంటే 5,000. మీరు 8,000 గదిలో ఐదు రోజులున్నారు. బిల్లు 2 లక్షలు. అందులో గది 40,000, సర్జన్, మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటరు, నర్సింగు కలిపి 80,000, మందులు, పరీక్షలు, లోపల పెట్టిన ఇంప్లాంటు కలిపి 80,000. గదికి 25,000 ఇస్తారు. తేడా 15,000 మనం పెట్టుకుంటే సరిపోతుందనుకుంటాం. సరిపోదు. గది అద్దెలో ఎంత నిష్పత్తికి అర్హులో (5,000కి 8,000, అంటే 62.5 శాతం) అదే నిష్పత్తిలో సర్జన్ వగైరా 80,000ని కూడా కోస్తారు, 50,000 ఇస్తారు. మందులు, పరీక్షలు, ఇంప్లాంటు మీద ఈ కోత వేయకూడదు, ఐసీయూ ఛార్జీల మీదా వేయకూడదు. మొత్తం వచ్చేది 1,55,000, మీకు పడేది 45,000. గ్లవ్స్, గౌను, అడ్మిషన్ ఛార్జీ లాంటి చెల్లించని సామాను దీనికి అదనం. సూర్యారావుపేటలో చేరినా, గుంటూరు కొత్తపేటలో చేరినా, అడ్మిషన్ కౌంటర్‌లో ‘ఏ రూమ్ కావాలి’ అన్నప్పుడే ఈ 45,000 నిర్ణయమైపోతుంది. పాలసీలో గది పరిమితి ఎంతో ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. మందుల మీద కూడా నిష్పత్తి కోత వేస్తే ఒప్పుకోకండి, లెక్క విడగొట్టి చూపించమనండి.

రెండోది కేస్ షీట్. అర్ధరాత్రి అత్యవసరంగా చేరినప్పుడు డ్యూటీ డాక్టరు ‘షుగర్ ఎన్నాళ్ళ నుంచి?’ అంటాడు. పక్కనున్న బావమరిది ‘ఎప్పట్నించో ఉందండీ, పదేళ్ళై ఉంటుంది’ అంటాడు. నిజానికి నాలుగేళ్ళే. ఆ పదేళ్ళు డిశ్చార్జి సమ్మరీలోకి ఎక్కుతుంది. కంపెనీ తరఫున క్లెయిములు చూసే టీపీఏ వాళ్ళు దాన్ని ప్రపోజల్ ఫారంతో పోల్చి, పాలసీకి ముందే ఉన్న జబ్బు దాచారంటారు. చరిత్ర చెప్పేది ఒక్కరే అయి ఉండాలి, తెలియకపోతే తెలియదనాలి, సమ్మరీ డ్రాఫ్టు చేతికి రాగానే చదవాలి. తప్పుంటే సంతకం పెట్టకముందే, మొదటిసారి షుగర్ బయటపడిన ల్యాబ్ రిపోర్టు చూపించి దిద్దించాలి. డిశ్చార్జి అయిపోయాక దిద్దిన కాగితాన్ని కంపెనీలు నమ్మవు. కొంతమంది ఏజెంట్లు ‘అవన్నీ ఎందుకండీ’ అంటూ ఫారంలో అన్నిటికీ లేదు అని కొట్టేస్తారు. కొత్త పాలసీ తీసుకునే మీ స్నేహితులెవరైనా ఉంటే, ఫారం తామే నింపమని చెప్పండి.

క్యాష్‌లెస్ అడిగాక మొదటి అనుమతికి గంట, డిశ్చార్జి రోజు చివరి అనుమతికి మూడు గంటలు అని 2024 మేలో ఐఆర్‌డీఏఐ గడువు పెట్టింది. మూడు గంటలు దాటాక అదనంగా పడే గది ఖర్చు కంపెనీయే భరించాలి. అక్కడ గంటలు గడిచిపోతుంటే ఈ మాట రాతలో పెట్టండి. క్లెయిము కొట్టేస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి వెళ్ళవచ్చు. మన రాష్ట్రం హైదరాబాద్ కార్యాలయం కిందికి వస్తుంది. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్ళాలి, 50 లక్షల దాకా వివాదాలు తీసుకుంటారు, రుసుము లేదు, లాయరు అక్కర్లేదు.

సరే, ఇప్పుడు మీరడిగిన అసలు ప్రశ్న. ఒంట్లో బాగున్నవాడి చేత కట్టించడం న్యాయమేనా? నా అభిప్రాయంలో న్యాయమే. మీటింగులో మీరన్నది తప్పు అని చెప్పక తప్పదు. కానీ మీ అనుమానంలో సగం నిజం ఉంది, దానికీ వస్తాను.

ఉదాహరణకి ఒక లెక్క. వెయ్యి కుటుంబాలున్నాయి, తలా 6,000 చొప్పున 60 లక్షలు పోగైంది. ఏడాదిలో 60 కుటుంబాలకు ఆస్పత్రి అవసరం పడింది, సగటున 80,000 చొప్పున 48 లక్షలు పోయింది. కంపెనీ ఖర్చులకు 12 లక్షలు మిగిలింది. నడుస్తుంది. అదే ‘ఇష్టమైతేనే చేరండి’ అంటే 300 కుటుంబాలే వచ్చాయి. కానీ చేరేదెవరు? ఇంట్లో జబ్బు మనిషి ఉన్నవాళ్ళే ముందు వస్తారు. కాబట్టి ఆ 60 మందిలో 40 మంది ఈ 300లోనే ఉంటారు. క్లెయిములు 32 లక్షలు, తలకి 10,667. అదే నిష్పత్తిలో కంపెనీ ఖర్చులు కలిపితే 13 వేలు దాటుతుంది. 13 వేలు చూడగానే ఆ 300లో గట్టిగా ఉన్నవాళ్ళు వచ్చే ఏడు మానేస్తారు, మిగిలినవాళ్ళకి రేటు ఇంకా పెరుగుతుంది. మీ అమ్మగారిని ఏ కంపెనీ తీసుకోకపోవడానికీ, మీ ప్రీమియం 17 శాతం పెరగడానికీ వెనకున్న కారణాల్లో ఇదొకటి. 72 ఏళ్ళ షుగర్ మనిషిని కంపెనీ కాదనకుండా తీసుకోవాలంటే, 25 ఏళ్ళ కుర్రాడు తప్పించుకోకుండా కట్టాలి. రెండూ కలిస్తేనే నిలుస్తాయి.

స్విట్జర్లాండ్‌లో 1996 నుంచి ఉన్న పద్ధతి ఇదే: ప్రతి మనిషీ ప్రాథమిక పాలసీ తీసుకోవాలి, ఏ కంపెనీ కూడా జబ్బు చూపించి కాదనకూడదు. జర్మనీలో కార్మికులకు తప్పనిసరి బీమా 1883 నుంచే ఉంది. అమెరికా 2010లో చట్టం చేసి, 2014 నుంచి అమలు పెట్టింది. పాలసీ లేనివారికి జరిమానా వేసింది, 2016 నాటికి అది పెద్దవారికి 695 డాలర్లు లేదా ఆదాయంలో 2.5 శాతం, ఏది ఎక్కువైతే అది. చాలామంది కుర్రాళ్ళకి ప్రీమియం కన్నా జరిమానాయే చవక, జరిమానా కట్టేసి ఊరుకున్నారు. 2019 నుంచి ఆ జరిమానాను సున్నా చేశారు. అయినా వ్యవస్థ కూలిపోలేదు, ఎందుకంటే ఆదాయాన్ని బట్టి ప్రీమియంలో ప్రభుత్వం ఇచ్చే సాయం జనాన్ని పట్టి ఉంచింది. మనం నేర్చుకోవాల్సింది కూడా అదేనని నాకనిపిస్తుంది. జరిమానాతో పట్టుకొచ్చేదానికన్నా సాయంతో పట్టుకొచ్చేది ఎక్కువ. జరిమానా సంగతి మన రోడ్ల మీదే చూడండి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ప్రతి బండికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఉండాలి. బెంజి సర్కిల్ దగ్గర నిలబెట్టి కాగితాలు అడిగితే ఎన్ని టూవీలర్లకి ఉంటుందో మీకే తెలుసు.

మీ అనుమానంలో నిజమున్న సగం ఏమిటంటే, మన దగ్గర ఇవాళ ఉన్న పాలసీని ఉన్నపళంగా తప్పనిసరి చేస్తే అది బీమా కాదు, పన్ను. కంపెనీ మీద ఐఆర్‌డీఏఐ ఉంది. ఆస్పత్రి ఎంత బిల్లు వేయాలో చెప్పే నియంత్రణ సంస్థ ఏదీ లేదు. ఐఆర్‌డీఏఐ చేయి ఆస్పత్రి గేటు దగ్గరే ఆగిపోతుంది. ఒకే ఆపరేషన్‌కి ఒకే ఊళ్ళో నగదైతే ఒక రేటు, ఇన్సూరెన్సు అయితే ఇంకో రేటు. అందరికీ బీమా వచ్చిందని తెలిసిన మరుక్షణం ఆ రెండో రేటే మొదటి రేటు అవుతుంది. పైగా ఈ పాలసీలు ఎక్కువగా అడ్మిట్ అయితేనే పలుకుతాయి. షుగర్ మాత్రలకి, నెలనెలా పరీక్షలకి, డాక్టరు ఫీజుకి రావు. మామూలు కుటుంబానికి ఏడాది పొడుగునా అయ్యే ఖర్చు అదే. ‘ఒక్కరోజు అడ్మిట్ అవ్వండి, ఇన్సూరెన్సులో వచ్చేస్తుంది’ అన్న మాట పుట్టింది ఇక్కడే. ఆ అనవసరపు అడ్మిషన్ల ఖర్చు తిరిగి మీ రెన్యువల్ నోటీసులోనే కనిపిస్తుంది.

అందుకని నన్నడిగితే వరుస ఇలా ఉండాలి. చికిత్సలకు ఊరి స్థాయిని బట్టి కనిష్ఠ, గరిష్ఠ ధరలు, అవి ఆస్పత్రి గోడ మీద రాసి ఉండటం ముందు. ఓపీ, మందులు కలిసిన ప్రాథమిక పాలసీ తర్వాత. కట్టాల్సింది వయసును బట్టి కాక ఆదాయాన్ని బట్టి. తప్పనిసరి అన్న మాట ఆ తర్వాతే. నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలో కనీసం 30 శాతం మందికి, అంటే 40 కోట్ల మందికి, ఏ రకమైన ఆరోగ్య రక్షణా లేదు. పేదలకు ప్రభుత్వ పథకం, ఉద్యోగులకు కంపెనీ పాలసీ. మధ్యలో మిగిలింది షెడ్లవాళ్ళు, కొట్లవాళ్ళు, మిర్చి యార్డు గుమాస్తాలు. మీరూ అక్కడే ఉండేవారు, సొంతంగా కడుతున్నారు కాబట్టి బయటపడ్డారు.

మన రాష్ట్రం ఈ దిక్కున అడుగు వేసింది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం అర్హులైన కుటుంబాలకు ఏడాదికి 25 లక్షల దాకా ఇస్తుంది. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఇంకో పద్ధతికి ఆమోదం తెలిపింది: 2.5 లక్షల దాకా క్లెయిములు ఇన్సూరెన్సు కంపెనీలు, ఆపైన 25 లక్షల దాకా పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు. దారిద్ర్యరేఖకు ఎగువనున్న కుటుంబాలకు కూడా 2.5 లక్షల వరకు. ఆమోదం ఒకటి, ఆస్పత్రి కంప్యూటర్‌లో మీ ఇంట్లోవాళ్ళ పేర్లు కనిపించడం ఇంకొకటి. సచివాలయంలో అడిగి చూసుకోండి. పేర్లు ఉన్నా సరే, మీ పాలసీ వదలకండి. బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపేసిన రోజులు ఇటీవలే చూశాం. జనాన్ని వేళకి కట్టమనే ప్రభుత్వం తనూ వేళకి కట్టాలి కదా.

ఇక మీ అసోసియేషన్ గ్రూపు. తప్పనిసరి అనడం వల్లే వాళ్ళకి మంచి రేటు వస్తుంది. కాబట్టి అడ్డం తిరగాల్సింది ‘తప్పనిసరి’ అన్న మాట దగ్గర కాదు, కొటేషన్ దగ్గర. ఇలాంటి గ్రూపులు ఎక్కువగా మూడో ఏడు చచ్చిపోతాయి. మొదటి ఏడు వ్యాపారం పట్టడానికి తక్కువ రేటు ఇస్తారు. తల్లిదండ్రులనూ కలుపుతారు, పాత జబ్బులు మొదటి రోజు నుంచే అంటారు. అప్పటిదాకా వాయిదా వేసుకున్న కంటి ఆపరేషన్లు, మోకాళ్ళు అన్నీ ఆ ఏడే జరుగుతాయి. 20 లక్షలు కట్టిన చోట 26 లక్షల క్లెయిములు వస్తే నిష్పత్తి 130 శాతం. రెండో ఏడు కొటేషన్ దాన్ని చూసే వేస్తారు. మీలాంటివాళ్ళు అప్పుడు బయటికొస్తారు, మూడో ఏడు పాలసీయే ఉండదు.

దీన్ని ఆపాలంటే మూడేళ్ళ లెక్క మొదటే వేసుకోవాలి. తల్లిదండ్రులకు విడి ప్రీమియం, 10 నుంచి 20 శాతం కో-పే (బిల్లులో సభ్యుడు భరించే వాటా) పెట్టండి. శుక్లం, మోకాలికి ఒక్కో పరిమితి పెట్టండి. ప్రీమియం మీద తలా కొంచెం అదనంగా వసూలు చేస్తే అది ప్రీమియం కాదని, రెండో ఏటి పెంపుకి నిధి అని విడి ఖాతాలో, విడి రసీదుతో పెట్టండి. కంపెనీకి కట్టేదానికన్నా ఎక్కువను ప్రీమియం పేరుతో వసూలు చేయకూడదు. టీపీఏ నుంచి మూడు నెలలకోసారి క్లెయిముల లెక్క రావాలని ఒప్పందంలో రాయించండి. చివరి నెలలో లెక్క అడిగితే బేరమాడే వ్యవధి ఉండదు. ప్రతి సభ్యుడికీ తన పేరుతో సర్టిఫికెట్ రావాలి. మధ్యలో చేరినవాళ్ళ పేర్లు పంపే పని ఒకరికి అప్పగించాలి, పేరు ఎక్కనివాడికి ఆ రోజు పాలసీ లేనట్టే. గ్రూపు పాలసీల మీద 18 శాతం జీఎస్టీ ఇంకా ఉందని కూడా లెక్కలో వేసుకోండి.

మీరు అందులో చేరండి, సొంత పాలసీ ఉంచుకుని. రెండు పాలసీలున్నప్పుడు ఏది ముందు వాడాలో ఎంచుకునే హక్కు మీది. చిన్నచిన్నవి గ్రూపులో పెట్టుకుంటే సొంత పాలసీ బోనస్ చెడదు. రెండూ కట్టడం భారమనిపిస్తే గ్రూపులో చిన్న మొత్తానికి చేరండి. వీలుంటే 5 లక్షల డిడక్టిబుల్‌తో, అంటే బిల్లులో 5 లక్షలు దాటిన భాగమే ఇచ్చే సూపర్ టాపప్ ఒకటి తీసుకోండి. ‘సూపర్’ అన్న మాట ఉండాలి. ఏడాదిలో 4 లక్షల చొప్పున రెండుసార్లు చేరితే, మామూలు టాపప్ విడివిడిగా చూసి ఏమీ ఇవ్వదు. సూపర్ టాపప్ 8 లక్షలుగా కలిపి చూసి పైనున్న 3 లక్షలు ఇస్తుంది.

పనివాళ్ళ విషయంలో మీ అసోసియేషన్ తొందరపడుతోందనిపిస్తుంది. మీ ఏడుగురిలో రైస్ కార్డు ఉన్నవాళ్ళకి వైద్య సేవ ఇప్పటికే ఉంటుంది. వాళ్ళ పేరు మీద మళ్ళీ ఆస్పత్రి ప్రీమియం కట్టడంలో పెద్ద లాభం లేదు. లేత్ దగ్గర వేలు పోయినప్పుడు వాళ్ళకి కావాల్సింది ఆగిపోయిన జీతం. దానికి ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా పథకం, మేలు. పదిమంది లేని చోటికి రాదని (హాజరు పట్టీలో తొమ్మిది పేర్ల దగ్గరే ఆగిపోయే షెడ్లు ఎన్ని లేవు!) వదిలేసేవారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ప్రకారం, యజమానీ పనివాళ్ళూ ఒప్పుకుంటే పదిమంది కన్నా తక్కువ ఉన్న చోటు కూడా స్వచ్ఛందంగా చేరవచ్చు. నెలకి 21,000 లోపు జీతమున్నవారికి వర్తిస్తుంది. 15,000 జీతానికి మీ వంతు 3.25 శాతం, 487.50, అతని వంతు 0.75 శాతం, 112.50. కలిపి 600కి కుటుంబమంతటికీ వైద్యం, దానికి ఖర్చు పరిమితి లేదు. జబ్బుపడితే ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం వేతనం, పనిలో గాయపడితే 90 శాతం. వయసును బట్టి రేటు లేదు, పాత జబ్బు అని తోసేయడం లేదు. నేను పైన కోరిన తప్పనిసరి బీమా నమూనా 1948 నాటి చట్టంలోనే ఉందన్నమాట. గుణదలలో ఈఎస్‌ఐ ఆస్పత్రి మీ షెడ్డుకి దూరమేమీ కాదు. అక్కడి రద్దీ గురించి మీ పనివాళ్ళు సణగవచ్చు, ఆ సణుగుడులో న్యాయం ఉంది. యజమానిగా మీరు మాత్రం అందులోకి రారు.

అమ్మగారికి ప్రైవేటు పాలసీ కోసం తిరగడం ఆపండి. 70 దాటిన ఎవరికైనా, ఆదాయంతో పని లేకుండా, ఏడాదికి 5 లక్షల ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు నుంచి ఇస్తున్నారు. షుగర్‌కి వెయిటింగ్ లేదు, ప్రీమియం లేదు. ఆధార్‌లో పుట్టిన తేదీ చూసే అర్హత నిర్ణయిస్తారు కాబట్టి అది సరిగా ఉందో లేదో ముందు చూడండి. ఫోన్ నంబరు ఆధార్‌కి కలిసి ఉంటే ఆయుష్మాన్ యాప్‌లో మీరే ఈకేవైసీ చేయవచ్చు. వేలిముద్ర పడకపోతే ఓటీపీ, ముఖం గుర్తింపు దారులున్నాయి. కుదరకపోతే సచివాలయానికి తీసుకెళ్ళండి, ఆరోగ్యం బాగున్న రోజునే. ఆస్పత్రి మంచం మీద ఈకేవైసీ చేయించడం ఎంత కష్టమో చేయించినవాళ్ళకే తెలుసు. మీరు పాత పన్ను విధానంలో ఉంటే, పాలసీ లేని అమ్మగారి వైద్య ఖర్చులు 50,000 దాకా ఆదాయపు పన్నులో మినహాయింపుగా చూపించుకోవచ్చు, నగదుగా కాకుండా కట్టినవైతే. ఈ కార్డు పథకంలో ఉన్న ఆస్పత్రిలోనే పలుకుతుంది. 14555కి ఫోన్ చేసి దగ్గర్లో ఏవి ఉన్నాయో, ఆమెకి అవసరమయ్యే విభాగం వాటిలో ఉందో అడిగి రాసి పెట్టుకోండి. ముందు డబ్బు కట్టేసి తర్వాత బిల్లులు పెట్టుకునే వీలు ఇందులో లేదు. కాబట్టి చేర్చేటప్పుడే, అడ్వాన్సు అడగకముందే, పథకం కౌంటర్‌లో కార్డు ఇవ్వండి.